ముద్దబంతి మాల వేసిన జాడీలు

ఆ మట్టి ల్యాబు మొదటి రోజుల గురించి ఈమధ్య చాలామంది రాస్తున్నారు. ఏ ఆఫీసరు ఏ పరీక్ష మొదలుపెట్టారు, ఏ మంత్రి వచ్చి ఏ గది తెరిచారు, అన్నీ ఫోటోలతో సహా వేశారు. అవి రాసినవాళ్లలో ఇద్దరికి నేనుండే వీధి తెలుసు. ఒకాయన మా ఇంటి ముందునుంచే సైకిలు మీద పోతుంటాడు. ఒక్కరు కూడా దిగి, అయ్యా, ఆ జాడీలతో పని చేసింది మీరే కదా, అసలేం జరిగిందని అడగలేదు. నాకు తెలిసినంతలో ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అందుకని అడగకుండానే చెబుతున్నాను.

గూడూరు దగ్గరి కోట ఊరి నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉండేది మా ల్యాబు. మూడు గదులు, ఒక వరండా, వెనక ఉప్పునీటి బావి. పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను అక్కడ అసిస్టెంటుగా చేరాను. అప్పటికి కరెంటు లేదు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు గోతాల్లో మట్టి తెచ్చి వరండాలో పోసి, పండుతుందా పండదా చెప్పమనేవాళ్లు. అందులో సగం చౌడు మట్టి. ఎండాకాలం పైన తెల్లగా ఉప్పు పొంగుతుంది. అలాంటి నేలలో జీలుగ చల్లి, అది నడుము ఎత్తు పెరిగాక దున్ని మట్టిలో కలిపితే వరి వస్తుందని అందరికీ తెలుసు. కలిపాక ఎన్నాళ్లాగి నాటాలి, ఈలోగా నీళ్లు నిలబెట్టాలా ఆరగట్టాలా అన్నది మాత్రం ఊరికొక తీరుగా చెప్పేవాళ్లు.

ఆ సంగతి తేల్చడానికి మా ఆఫీసరుగారు మద్రాసు నుంచి ఒక బీరువా చేయించి తెచ్చారు. దానికి కావలసిన గాజు జాడీలు పన్నెండూ రైల్లో గూడూరు దాకా వస్తే, అక్కణ్ణుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని, రెండు విడతలుగా తెచ్చింది నేను. ఒక్కటి పగల్లేదు. ఆ రోజు ఆయన అన్న మాట, "పగిలుంటే నీ సంగతి చెప్పేవాణ్ణి" అని. పగలనందుకు వేరే మాటేమీ అనలేదు.

ఆ బీరువా సంగతి కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే నా బాధ అర్థం కాదు. మనిషెత్తు చెక్క బీరువా, ముందు అద్దాల తలుపులు, తలుపుల అంచున గాలి దూరకుండా మందపు ఉన్ని గుడ్డ. లోపల మూడు అరలు, అరకు నాలుగు జాడీలు. జాడీల్లో జల్లించిన చౌడు మట్టి, అందులో సన్నగా తరిగి కలిపిన జీలుగాకు. పై అర మట్టి పొడి, నడిమి అర పదును, కింది అర బురద. బీరువా అడుగున పళ్లెంలో నీళ్లు, వెనక తడిపిన గోనెపట్టా, లోపలి గాలి ఎప్పుడూ చెమ్మగా ఉండడానికి. ప్రతి జాడీ మూతకూ రెండు గొట్టాలు. ఒక గొట్టంలోంచి కాస్టిక్ సోడా నీళ్లలో కడిగిన శుభ్రమైన గాలి లోపలికి పోతుంది. అది మట్టి మీదుగా పోయి, మట్టి వదిలిన ఊపిరిని మోసుకుని రెండో గొట్టంలోంచి బయటికొస్తుంది. ఆ ఊపిరిని ఇంకో సీసాలోని మందునీళ్లు పట్టుకుంటాయి. దాన్ని కొలిస్తే లోపల ఆకు ఎంత కుళ్లిందో తెలుస్తుంది. గాలిని లాగడానికి మిషను లేదు. ఎత్తు స్టూలు మీద పెద్ద సీసాలోంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతుంటే, ఆ ఖాళీలోకి గాలి వచ్చేది. ఆ నీళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నేనే నింపేవాణ్ణి.

అన్నిటికన్నా ముఖ్యం తూకం. మట్టిలో తేమ మారకూడదు. ప్రతి జాడీ మీదా దాని బరువు ఎర్ర రంగుతో రాసుండేది. రోజూ పొద్దున గొట్టాలు విప్పి, జాడీని తక్కెడలో పెట్టి తూచి, గుర్తుకంటే ఎంత తగ్గితే అన్ని గ్రాముల నీళ్లు గొట్టంతో చుక్కలుగా పోయాలి. సముద్రపు గాలికి తక్కెడ ముల్లు నిలవదు, కిటికీలు మూసి ఉక్కలో తూచేవాణ్ణి. ఆదివారం గుడికి పోయేముందు కూడా వచ్చి తూచి పోయేవాణ్ణి. మా ఆవిడ అనేది, ప్రభువు దగ్గరికి పోయే ముందు మట్టి దగ్గరికి పోతావని. ఆ మాట నేను పొగడ్తగానే తీసుకున్నాను.

పరీక్ష మొదలుపెట్టి మూడో వారం నడుస్తుండగా దసరా వచ్చింది. ఆఫీసరుగారు నన్ను పిలిచి, ఆయుధపూజ నాటినుంచి మూడు రోజులు నువ్వు రావద్దు, మీకు ఈ పండగ లేదు కదా, విశ్రాంతి తీసుకో అన్నారు. జాడీల తూకమో అని అడిగాను. ఇంకో అసిస్టెంటు చూసుకుంటాడన్నారు. నోటిమాటగా అన్నారు. కాగితం ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అప్పటికి నాకు ఆ తెలివి లేదు. అంతకుముందు సంవత్సరం పూజకు నేను వరండాలో నిలబడే ఉన్నాను, పెట్టిన బొరుగులు, శనగలు తిన్నాను, నావల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఈసారి మాత్రం రావద్దన్నారు. సరే, రాలేదు.

వెళ్లేముందు ఒక పని చేశాను. తోటి అసిస్టెంటు నాకంటే వయసులో చిన్నవాడు, మంచివాడే. ఎలా తూచాలో ఒక కాగితం మీద రాసి బీరువా పక్కన అంటించాను. గుర్తుకంటే తక్కువ తూగితేనే నీళ్లు పొయ్యి, ఎక్కువ తూగితే పొయ్యొద్దు. అదీ నేను రాసింది.

నాలుగో రోజు పొద్దున్నే పోయాను. గది తలుపు తియ్యగానే ముద్దబంతి వాసన. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. హారతి ఇవ్వడానికి తెరిచినవాళ్లు మళ్లీ వెయ్యలేదు. అడుగున పళ్లెం లేదు. గోనెపట్టా కర్రలాగా ఎండి ఉంది. పన్నెండు జాడీల గొట్టాలూ ఊడదీసి పక్కన చుట్టి పెట్టారు, మెడ చుట్టూ మాల వెయ్యడానికి అడ్డమని. జాడీ జాడీకీ ఇంత లావు ముద్దబంతి మాల, కడుపు మీద మూడు చోట్ల గంధం, గంధం మీద కుంకుమ. ఎర్ర రంగుతో నేను రాసిన బరువు అంకెల మీద కూడా గంధమే. తక్కెడకూ మాల వేశారు. బయట పడమటి గాలి, ఇంకా ఆ సంవత్సరపు వాన పడలేదు. గొట్టాలు లేని మూతల్లోంచి మట్టి మూడు రోజులు ఆరిపోయింది. నడిమి అరలో నాలుగు జాడీల్లోనూ మట్టి జాడీ గోడను వదిలి పగుళ్లిచ్చింది.

తోటి అసిస్టెంటు వచ్చాడు. నీళ్లెందుకు పొయ్యలేదని అడిగాను.

"పూజనాడు తక్కెడ గూడా పూజలో ఉండె గదన్నా, యెట్ట తూస్తాం? మర్నాడు తూచినా, ఆ మర్నాడూ తూచినా. అన్నీ గుర్తుకంటే ఎక్కువే తూగినాయి. నువ్వు రాసినట్టే నీళ్లు పొయ్యలా."

"మాల తీసి తూచినావా?"

"మాల యెట్ట తీస్తామన్నా? సారే తీస్తామన్నారు, ఇంకా తీయలా. మాలతోనే తూచినా."

అతని మీద నాకు కోపం రాలేదు. కాగితంలో ఉన్నదున్నట్టు చేశాడు. మాల తీసి తూచమని నేను రాయలేదు. జాడీకి మాల వేస్తారని నేననుకోలేదు. అది నా తప్పంటే ఆ మేరకు ఒప్పుకుంటాను. అంతకుమించి ఒప్పుకోను.

మాలలు తీశాను. ఒక మాల విడిగా తూచి చూశాను, మూడు రోజుల్లో మట్టి పోగొట్టుకున్న నీళ్లకంటే ఎక్కువే ఉంది. తడిగుడ్డతో గంధం, కుంకుమ తుడిచాను, అంకెలు కనపడాలి కదా. పన్నెండూ తూచి, తగ్గినన్ని నీళ్లు పోసి, గొట్టాలు బిగించి, పళ్లెం నింపి, తలుపులు వేశాను. తూకం పుస్తకంలో ఆ రోజు పేజీలో ఇలా రాశాను. మూడు దినములు నీరు పోయబడలేదు, మాలలు, గంధము తీసివేసిన పిదప తూకములు ఇవి. సంతకం పెట్టాను.

పది గంటలకు ఆఫీసరుగారు వచ్చారు. బీరువా ముందు నిలబడి చాలాసేపు చూశారు. మట్టి పగుళ్లు కాదు ఆయన చూసింది.

"నువ్వు తుడిచావా?"

అవునన్నాను. తూకం కోసమని చెప్పబోయాను.

"బొట్టు చెరిపేదాకా చెయ్యి ఊరుకోలేదన్నమాట."

గదిలో తోటి అసిస్టెంటున్నాడు, మట్టి ఇవ్వడానికొచ్చిన ఇద్దరు రైతులున్నారు. మన దేశంలో బొట్టు చెరపడం అంటే అర్థమేమిటో అందరికీ తెలుసు. ఆ మాట సాయంత్రానికి బజారుకు పోయింది, మర్నాటికి మా గుడిదాకా వచ్చింది. మా పాస్టరుగారు కూడా నన్ను పక్కకు పిలిచి, ఇతరుల నమ్మకాన్ని గౌరవించాలి నాయనా అని బుద్ధి చెప్పారు. నేను తక్కెడ సంగతి ఎత్తితే ఆయన వాచీ చూసుకున్నారు. అదీ నాకు గుర్తే.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. నీళ్లు పోసిన మర్నాడు మట్టి ఊపిరి కొలిస్తే ఒక్కసారిగా ఎగబాకింది. మూడు వారాల్లో ఎన్నడూ రానంత వచ్చింది. నడిమి అర జాడీలైతే మందునీళ్లు మూడుసార్లు మార్చాల్సొచ్చింది. రెండు రోజులు అలా ఎగసి, తర్వాత మెల్లగా దిగింది. గీత గీసి చూస్తే చదును నేల మీద ఎద్దు మూపురంలాగా ఉంది. ఆఫీసరుగారికి అది పెద్ద తలనొప్పి అయింది. పైఆఫీసుకు ఆ గీత పంపాలి, అక్కడ మూపురం ఎందుకని అడుగుతారు. ప్రభుత్వ జాడీలకు బంతిపూల మాలలు వేశామని రాయలేరు కదా.

తూకం పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నెమ్మదిగానే చెప్పారు. ఆ పేజీ తిరగరాయి, మాలలు, గంధం అన్న మాటలు కొట్టెయ్యి, నీళ్లు పోయడం మరచితిని అని రాయి, మూడు రోజుల పొరపాటే కదా, అంతటితో పోతుందన్నారు. మరచింది నేను కాదన్నాను. మీరే రావద్దన్నారు అన్నాను. ఆ మాట నేననలేదన్నారు. తోటి అసిస్టెంటు వైపు చూశాను. అతను బీకరు తుడుస్తున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు. మంచివాడని ముందే రాశాను. కాని ఆ తుడవడం నేను మరచిపోలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె అంతా విని, "నువ్వు చెప్పేదే నిజం. నిజం చెప్పడం అయిపోయినాది గదా, ఇంక మాటల్ని పట్టుకోని ఏలాడకు" అంది. నలభై మాటల పేజీలో రెండు మాటలు కొడితే ఏం పోతుందని ఆమె లెక్క. మరునాడు పోయి కొట్టనని చెప్పాను.

వారానికి మెమో వచ్చింది. పండుగ సెలవులలో విధులకు గైరుహాజరై, నిర్లక్ష్యమువలన ప్రయోగమును పాడుచేసినందున అని. సంజాయిషీ రాసిచ్చాను, రెండు పేజీలు. సంతృప్తికరముగా లేదని ఒక్క వాక్యం వచ్చింది. నా సర్వీసు పుస్తకంలో ఆ మాట ఎక్కింది, నిర్లక్ష్యము. ఆనాటినుంచి నన్ను ఆ బీరువా ముట్టుకోనివ్వలేదు. వరండాలో మట్టి గడ్డలు కొయ్య సుత్తితో కొట్టి జల్లించడం నా పని. నాకంటే చిన్నవాడు సీనియర్ అసిస్టెంటయ్యాడు. నాకు ప్రమోషను వంతు వచ్చినప్పుడల్లా సర్వీసు పుస్తకం తెరిచేవాళ్లు, ఆ మాట కనపడేది, మూసేవాళ్లు. నేనేం పోగొట్టుకున్నానని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. ఒక పనిని నాకంటే శ్రద్ధగా చేసినవాడు ఆ ల్యాబులో లేడు, ఆ పనిలోనే నేను నిర్లక్ష్యం చేశానని రాశారు.

పెద్ద ఉద్యోగం వచ్చి ఆఫీసరుగారు వెళ్లిపోయారు. అరవైలు సగం గడిచాక, ఒక రోజు టపాలో మా ల్యాబుకు సన్నపాటి అచ్చుపుస్తకం వచ్చింది. చౌడు నేలల్లో పచ్చిరొట్ట ఎరువు మీద ఆయన రాసింది. వరండాలో జల్లెడ పక్కన పెట్టి తెరిచాను. నడుమ ఒక పటం. చూడగానే గుర్తుపట్టాను, ఎద్దు మూపురం. కింద ఇలా ఉంది: మట్టిని మూడు దినములు ఉద్దేశపూర్వకముగా ఆరనిచ్చి తిరిగి తడిపినచో ఆకు కుళ్లుట మిక్కిలి వేగవంతమగునని మా ప్రయోగములో తేలినది. అవే పన్నెండు జాడీలు, అదే మూడో వారం, అవే మూడు రోజులు. నా తూకాలే, గ్రాముతో సహా. ఉద్దేశపూర్వకముగా అన్న మాట మళ్లీ చదివాను. ఆ ఉద్దేశం ఎవరిది? ముద్దబంతిదా?

మద్రాసు వాళ్లెవరో ఆ గీత చూసి, ఇది పొరపాటు కాదు, ఆరిన మట్టి తడిస్తే ఇలాగే ఊపిరి పోస్తుంది, ఇది పనికొచ్చే సంగతి అని ఆయనకు చెప్పారట. తర్వాత తెలిసింది. పనికొచ్చే సంగతే, కాదనను. ఆ పుస్తకంలో చెప్పినట్టు జీలుగ దున్నినాక చేను కొన్నాళ్లు ఆరగట్టి, మళ్లీ నీళ్లు పెట్టి నాటినవాళ్లకు మొలగొలుకుల వడ్లు బాగానే పండాయి. సముద్రం దగ్గరి ఊరి రైతు ఒకాయన, మా వరండాలో పదేళ్లుగా మట్టి పోస్తున్న మనిషి, ఒక రోజు నవ్వు మొహంతో వచ్చాడు.

"మీ పెద్దసారు చెప్పినట్టు చేసినా. చౌడంతా ఇరిగిపోయినాది. ఆయన బలే బుర్రుండే మనిషి సారూ."

ఆయన కనుక్కున్నది కాదని చెప్పాను. కూర్చోబెట్టి మాల, గంధం, తూకం, అన్నీ విడమరిచి చెప్పాను. అంత ఓపిగ్గా విన్నవాడు నాకు అతనొక్కడే. చివరిదాకా విని, తువ్వాలు భుజాన వేసుకుంటూ అన్నాడు, "అయితే ఆయన గొప్పా గాదు, నీ గొప్పా గాదు. పూజ చేసినందుకు అమ్మోరే చూపించినాది." నవ్వాడు. వరండాలో ఉన్న మిగతావాళ్లూ నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం లేదని నాకు తెలుసు. ఐనా నేను వాళ్లతో కలవకుండా జల్లెడ అందుకున్నాను.

ఆ తర్వాతే అర్జీలు రాయడం మొదలుపెట్టాను. నేనడిగింది చిన్న సంగతి. మెమోలో ఆ మూడు రోజులు నా నిర్లక్ష్యం. అచ్చుపుస్తకంలో అవే మూడు రోజులు ఆయన ఉద్దేశం. రెండూ ఒకేసారి నిజం కావు. ఆయన కావాలని ఆరబెట్టి ఉంటే నేను నిర్లక్ష్యం చెయ్యలేదు, నా పుస్తకంలో మాట కొట్టెయ్యండి. నేను నిర్లక్ష్యం చేసి ఉంటే ఆయన కావాలని చెయ్యలేదు, ఆ పుస్తకంలో మాట కొట్టెయ్యండి. ఏది కొట్టినా నాకు సమ్మతమే. మొదటి అర్జీకి జవాబు లేదు. రెండోదానికి, మీ అర్జీ పరిశీలనలో ఉన్నది అని వచ్చింది. మూడోది సరైన మార్గము ద్వారా పంపలేదని తిప్పి పంపారు. సరైన మార్గం అంటే మా కొత్త ఆఫీసరు. ఆయన చదివి, ఇంత పాతది ఎందుకండీ అని సొరుగులో పెట్టారు.

ఒకసారి గూడూరు స్టేషన్లో పాత ఆఫీసరుగారే ఎదురుపడ్డారు. మద్రాసు బండి కోసం ఉన్నారు, జుట్టు నెరిసింది. నేను నమస్కారం పెట్టి, నా సంచిలోంచి మెమో నకలూ, ఆ అచ్చుపేజీ నకలూ తీశాను. ఆ సంచిలో అవి ఎప్పుడూ ఉండేవి. ఆయన అద్దాలు పెట్టుకుని రెండూ చదివారు. పూర్తిగా చదివారు, అది చెప్పాలి.

"ఇంకా ఈ జాడీల గొడవేనా?"

"రెంటిలో ఏది నిజం సార్?"

"అది ఆఫీసు వ్యవహారం. ఇది శాస్త్రం. అది వేరే, ఇది వేరే."

"జాడీలు అవే కదా సార్."

బండి వచ్చింది. కాగితాలు నా చేతిలో పెట్టి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి ఎక్కారు. కిటికీ పక్కన చోటు దొరికింది ఆయనకు. బండి కదిలేదాకా అవతలివైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన మనసులో ఏదో ఒకటి మెదిలే ఉంటుందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మెదిలితే సరిపోదు. రాసివ్వాలి.

ఆయన ఇప్పుడు లేరు. తోటి అసిస్టెంటు ఉన్నాడు, నెల్లూరులో కొడుకింట్లో ఉన్నాడని విన్నాను. ల్యాబు ఉంది, దానికో అధికారి ఉన్నారు. నేను పని మానిన రోజున నా సర్వీసు పుస్తకం మూసి కట్టగట్టి లోపల పెట్టారు, నిర్లక్ష్యము అన్న మాటతోపాటు. అచ్చుపుస్తకం కూడా ఆ గదిలోనే బీరువాలో ఉంది. రెంటికీ మధ్య దూరం నాలుగడుగులు. ఎవరైనా లేచి రెండూ తీసి ఒక బల్ల మీద పెట్టి చదవడానికి అరగంట చాలు.

నాకు బిరుదు వద్దు, శాలువా వద్దు. కనుక్కున్నది నేనేనని కూడా నేనడగడం లేదు, కనుక్కోలేదు కాబట్టి. నేను తూచాను, తూచింది రాశాను. మాలలు అన్న మాటా, గంధం అన్న మాటా కొట్టెయ్యమంటే కొట్టెయ్యలేదు. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవారిని అడుగుతున్నాను, తోటి అసిస్టెంటు చదువుతుంటే అతన్నీ అడుగుతున్నాను. ఆ మూడు రోజులు నన్ను రావద్దన్నదెవరు? ఆ మట్టికి నీళ్లు ఆగింది నా నిర్లక్ష్యం వల్లనా, ఆఫీసరుగారి ఉద్దేశం వల్లనా? పరిశీలనలో ఉన్నదని రాయకండి. ఇదో అదో ఒక్క మాట రాసి, కింద మీ సంతకం పెట్టి, నేను బతికుండగా పంపండి.